వైరు పెట్టాం, టీవీలో బొమ్మ రావట్లేదు

ఫోనుని కేబుల్‌తో టీవీకి కలపడం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ నెల్లూరు, ప్రకాశం వైపు నుంచే. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాం. జవాబులు రాసింది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో టీవీ రిపేరు షాపు నడుపుతున్న మెకానిక్.

ప్రశ్న: మాది కావలి పక్కన పల్లె. మా నాయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఫోను తెర మీద బొమ్మ ఆయన కంటికి ఆనదు. పొద్దున తిరుమల నుంచి వచ్చే కార్యక్రమాలు, సాయంత్రం బెంగళూరులో ఉన్న మనవరాలి వీడియో కాల్, రెండూ టీవీలో చూపిద్దామని ఆరు వందల యాభై పెట్టి టైప్ సి టు హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నాను. ఫోను పన్నెండు వేలది, కొని ఏడాది కూడా కాలేదు. టీవీ మామూలు ఎల్‌ఈడీ, స్మార్ట్ టీవీ కాదు. కేబుల్ ఎట్టా పెట్టినా ‘నో సిగ్నల్’ అనే వస్తోంది. షాపులో అడిగితే ‘మీ ఫోనే పాడైంది, కేబుల్ వాపసు తీసుకోం’ అన్నారు. ఫోను రిపేరుకి ఇవ్వాలా?

జవాబు: ఇవ్వొద్దమ్మా. మీ ఫోనుకి ఏమీ కాలేదు. మీరు రాసి పంపిన మోడల్ నంబరు చూశాను. ఆ ఫోనులో బొమ్మని వైరు ద్వారా బయటికి పంపే ఏర్పాటే లేదు. కొన్న రోజూ లేదు, ఇప్పుడూ లేదు. రిపేరు చేసి తెప్పించేదీ కాదు. ఎవరైనా ‘బోర్డు మారిస్తే వస్తుంది’ అంటే నమ్మకండి.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. నా బెంచీ మీదికి వచ్చే ‘కేబుల్ పనిచేయట్లేదు’ కేసుల్లో ఎక్కువ ఇలాంటివే. ఇప్పుడు ఫోన్లన్నిటికీ కింద ఒకే రకం కోడిగుడ్డు ఆకారం రంధ్రం ఉంటోంది. దాన్నే టైప్ సి అంటున్నాం. ఎనిమిది వేల ఫోనుకీ అదే, లక్ష రూపాయల ఫోనుకీ అదే. అందులో 24 పిన్నులకు చోటుంటుంది. చార్జింగుకి, ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోడానికి వాటిలో కొన్ని చాలు. బొమ్మ బయటికి రావాలంటే వేగంగా డేటా మోసే వేరే పిన్నులు కావాలి, ఫోను లోపలి చిప్పు నుంచి వాటిదాకా దారి వేసి ఉండాలి. ఈ పద్ధతిని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు, 2014లో వచ్చింది. తక్కువ ధర ఫోన్లలో కంపెనీలు ఖర్చు కలిసొస్తుందని ఆ దారి వేయవు. గోడకి కుళాయి బిగించి ఉంది గానీ వెనక పైపు లేదు, అంతే.

మరి ఏ ఫోనుల్లో ఉంటుంది? శాంసంగ్‌లో 2017లో వచ్చిన గెలాక్సీ ఎస్ 8 దగ్గర్నుంచి ఎస్ వరుస ఫోన్లలో ఉంది. అదే కంపెనీ ఎ వరుస, ఎం వరుస ఫోన్లలో మామూలుగా ఉండదు. గూగుల్ పిక్సెల్ 8 ఫోన్లకి 2024 జూన్ అప్‌డేట్‌తో వచ్చింది. ఐఫోన్‌కి 2023లో వచ్చిన 15 నుంచి టైప్ సి పెట్టారు, వాటిలో బొమ్మ వస్తుంది. అంతకు ముందు ఐఫోన్లకి లైట్నింగ్ పిన్ను కాబట్టి వాటి అడాప్టర్ వేరు. మీ ఫోను సంగతి తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ నొక్కి మోడల్ నంబరు రాసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాలు తెరిచి, యూఎస్‌బీ అన్న చోట ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే వస్తుంది. ఉట్టి ‘యూఎస్‌బీ టైప్ సి 2.0, ఓటీజీ’ అని ఉంటే రాదనే అనుకోండి. ఓటీజీ అంటే ఫోనుకి పెన్‌డ్రైవ్, మౌస్ తగిలించుకోవడం. దానికీ టీవీలో బొమ్మ రావడానికీ సంబంధం లేదు. ‘ఓటీజీ ఉందిగా, పనిచేస్తుంది’ అని అంటగట్టే షాపులు చాలా ఉన్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడే. అమ్మేవాడికి తెలియకపోతే తెలియదని చెప్పాలి, కొన్న మనిషి ఫోను మీద నెపం వేయకూడదు.

మీ ఆరు వందల యాభై గురించి. డబ్బా పారేశారా? ఉంటే దాని మీద ఏం అచ్చు వేశారో చదవండి. ‘అన్ని టైప్ సి ఫోన్లకీ పనిచేస్తుంది’ అని ఉంటే, లేదా షాపువాళ్లు బిల్లు మీద అలా రాసి ఇచ్చి ఉంటే, డబ్బా, బిల్లు రెండూ తీసుకుని వెళ్లి గట్టిగా అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు తీసుకుంటారు. డబ్బా మీద పనిచేసే ఫోన్ల పేర్లు వేసి, అందులో మీది లేకపోతే మాత్రం వాపసు రావడం కష్టం. కేబుల్ పారేయకండి. మీ ఇంట్లో ఎవరికైనా రేపు పెద్ద ఫోను వస్తే పనికొస్తుంది.

ఇక మీ నాయనగారి సంగతి. మీ టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి దారి ఉంది. టీవీ వెనక హెచ్‌డీఎంఐలో పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ తీసుకోండి. ఖర్చు కేబుల్ కన్నా బాగా ఎక్కువే, కానీ దానికి మీ ఫోనులో ఏ పిన్ను ఉన్నా పర్వాలేదు. ఫోను హాట్‌స్పాట్ ఆన్ చేస్తే యూట్యూబ్ నేరుగా టీవీలోనే నడుస్తుంది. పెద్దాయన రిమోట్‌తో తనే మార్చుకోవచ్చు. వీడియో కాల్ కూడా టీవీలో కనపడాలంటే, ఫోను తెరని చూపించే స్క్రీన్ మిర్రరింగ్ అందులో ఉందా అని అడగండి. ఉంటుంది అంటే సరిపోదు. మీ ఫోను చేతిలో పట్టుకెళ్లి, షాపులో ఉన్న టీవీకి కలిపించి, మీ ఫోను బొమ్మ ఆ తెర మీద కళ్లారా చూశాకే డబ్బులు ఇవ్వండి. హాట్‌స్పాట్ మీద నడుస్తుంటే ఫోను డేటా తొందరగా అయిపోతుంది, రీచార్జి ప్లాన్ చూసుకోండి.

మనవరాలు పంపిన పాత వీడియోలు చూపించడానికైతే ఇవేమీ వద్దు, పెన్‌డ్రైవ్ చాలు. ఆ సంగతి ఈ కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మైపాడు దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తుంటాను. ఫోను చార్జింగ్ వైరు టీవీ వెనక యూఎస్‌బీలో పెట్టాను. చార్జింగ్ ఎక్కుతోంది, బొమ్మ మాత్రం రావట్లేదు.

జవాబు: అన్నా, టీవీకి ఉన్న యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ చదువుకోడానికి పెట్టింది. ఫోను తెర అందులోంచి రాదు, ఎంత ఖరీదు ఫోనైనా రాదు. ఫోనులో ఉన్న ఫొటోలు, వీడియోలు మాత్రం కొన్ని టీవీలు చదువుతాయి. వైరు పెట్టగానే ఫోను పైనుంచి కిందికి లాగితే ‘యూఎస్‌బీతో చార్జింగ్’ అని ఒక చీటీ కనపడుతుంది. దాన్ని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’కి మార్చండి. టీవీలో ఏమీ రాకపోతే ‘పీటీపీ’కి మార్చి చూడండి, ఫొటోల వరకైనా రావచ్చు. అప్పటికీ రాలేదంటే మీ టీవీ పెన్‌డ్రైవ్‌ని తప్ప ఫోన్లని గుర్తుపట్టదు. అలాంటి టీవీలు బోలెడు.

రెండు తలల పెన్‌డ్రైవ్ దొరుకుతుంది, ఒక వైపు టైప్ సి, ఇంకో వైపు మామూలు యూఎస్‌బీ. ఫోనుకి తగిలించి వీడియోలు దాంట్లోకి కాపీ చేసి, తీసి టీవీకి పెట్టడమే. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ ఆన్ చేస్తేనే పెన్‌డ్రైవ్ కనపడుతుంది, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది కూడా. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ కన్నా పెద్ద ఫైలు అందులోకి ఎక్కదు. పెళ్లి వీడియో కాపీ అవ్వట్లేదని వచ్చేవాళ్లకి ఎక్కువగా ఇదే కారణం.

ఇంకో మాట. చెరువు పని చేసే చేతులతో, తడితో ఫోను పిన్ను పెట్టకండి. ఉప్పు నీటి తడి పోర్టులోకి వెళ్తే పిన్నుల మీద పచ్చగా పట్టేస్తుంది. ఆ తర్వాత చార్జింగ్ కూడా ఎక్కదు.

ప్రశ్న: పొదిలి నుంచి రాస్తున్నాను. నాది శాంసంగ్ ఎస్ వరుస ఫోను. కేబుల్‌తో టీవీలో బొమ్మ బాగానే వస్తుంది. కాసేపటికి తెర నల్లబడి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. క్రికెట్ చూస్తుంటే సరిగ్గా ఆఖరి ఓవర్లోనే పోతోంది. టీవీదా, ఫోనుదా, కేబుల్‌దా తప్పు?

జవాబు: బొమ్మ ఒక్కసారి వచ్చిందంటే ఫోనులో ఏర్పాటు ఉన్నట్టే, సగం టెన్షన్ తీరిపోయింది. ఇక ఒక్కొక్కటీ మారుస్తూ వెళ్లండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది తప్పో తేలదు.

ముందు ఫోను బ్యాక్ కవర్ తీసేయండి. దళసరి కవర్ ఉంటే పిన్ను చివరిదాకా దిగదు. చార్జింగుకి ఆ మాత్రం దిగితే సరిపోతుంది, బొమ్మకి సరిపోదు. పిన్ను లోపలికి వెళ్లినప్పుడు ‘టక్’ మని పట్టు తగలాలి. తగలకపోతే పోర్టులో నూగు పేరుకుని ఉంటుంది. జేబులో పెట్టుకునే ఫోన్లన్నిటికీ ఇది ఉంటుంది. ఫోను స్విచాఫ్ చేసి, పుల్లని బ్లేడుతో పలచగా చెక్కి, టార్చి వెలుతురులో పోర్టు అంచుల వెంబడి మెల్లిగా గీకండి. బూడిద రంగులో అణిగిపోయిన దూది బిళ్లలాగా వస్తుంది. చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది, అంత ఉంటుంది లోపల. మధ్యలో ఉండే సన్నటి నాలికని మాత్రం తాకొద్దు, పిన్నులు దాని మీదే ఉంటాయి. సూది, సేఫ్టీ పిన్ను అసలు పెట్టొద్దు. నూనె, శానిటైజర్ పోయొద్దు.

అయినా పోతుంటే టీవీలో ఇంకో హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టి, రిమోట్‌లో సోర్స్ నొక్కి ఆ నంబరే ఎంచుకోండి. ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్నది సౌండ్‌బార్ కోసం పెట్టినదైనా బొమ్మ కూడా తీసుకుంటుంది, భయం లేదు. అక్కడా అంతే అయితే కేబుల్ మార్చండి. మీరు కేబుల్ ఎంత పొడుగో రాయలేదు. మంచం దాకా రావాలని పది మీటర్ల చవక కేబుల్ వాడేవాళ్లకి ఇలాగే బొమ్మ పోతూ వస్తూ ఉంటుంది. రెండు మీటర్ల లోపు కేబుల్‌తో ఒక మ్యాచ్ చూడండి.

మీది విడి అడాప్టరైతే, అంటే ఒక చివర టైప్ సి, ఇంకో చివర హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న చిన్న డబ్బీ అయితే, నల్లబడిన వెంటనే దాన్ని పట్టుకుని చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అడాప్టరే కారణం కావొచ్చు. ఫోను బ్యాటరీ తక్కువైనప్పుడే పోతోందా అన్నదీ గమనించండి. చార్జర్ తగిలించుకునే రంధ్రం కూడా ఉన్న అడాప్టర్ తీసుకుంటే మ్యాచ్ అంతా చార్జింగ్ ఎక్కుతూనే ఉంటుంది. రోజూ గంటలకొద్దీ చూసేవాళ్లకి అదే నయం.

ప్రశ్న: ఒంగోలు. యూట్యూబ్ టీవీలో బ్రహ్మాండంగా వస్తోంది. ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినపడుతున్నాయి, తెర మాత్రం నలుపు. అదే కేబుల్, అదే టీవీ.

జవాబు: ఏదీ పాడవలేదు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి తమ సినిమాని దొంగతనంగా కాపీ చేయకుండా తాళం వేసి పంపుతాయి. దాన్ని హెచ్‌డీసీపీ అంటారు. ఫోను, మధ్యలో అడాప్టర్, టీవీ మూడూ ఆ తాళానికి ఒప్పుకుంటేనే బొమ్మ. చవక అడాప్టర్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటాయి. మధ్యలో ఒకే బొమ్మని రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ పెట్టి ఉంటే తీసేసి నేరుగా టీవీకి పెట్టండి. అయినా నలుపే అయితే, అడాప్టర్ కొనేటప్పుడు ‘హెచ్‌డీసీపీ’ అని డబ్బా మీద ఉన్నది చూసి మార్చాలి. మీ టీవీ స్మార్ట్ టీవీ అయితే ఈ గొడవంతా ఎందుకు, టీవీలోనే ఆ యాప్ తెరిచి లాగిన్ అవండి. మీరు కట్టింది నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లానా అన్నది కూడా చూసుకోండి. అది ఫోనుకీ ట్యాబ్‌కీ మాత్రమే ఇచ్చేది.

డిస్‌ప్లేపోర్ట్ లేని ఫోన్లకి డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న డాక్‌లు, అంటే ఫోనుకీ టీవీకీ మధ్య పెట్టే డబ్బీలు, కూడా ఉన్నాయి. ప్లే స్టోర్‌లో దానికి ఒక యాప్ ఉంది. ఫొటోలు, పాఠాలు చూపించడానికి పనికొస్తాయి, తాళం వేసిన సినిమాలు వాటిలో రావు. టీచర్లు అడిగితే చెప్తాను, సినిమా కోసమైతే వద్దంటాను.

ప్రశ్న: కందుకూరు. ఆన్‌లైన్‌లో తెప్పించిన కేబుల్‌తో ఒక కాగితం వచ్చింది. దాని మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేసుకోమంటోంది. స్కాన్ చేస్తే ప్లే స్టోర్ కాకుండా ఇంకేదో పేజీ తెరుచుకుంది. ‘తెలియని యాప్‌లకి అనుమతి’ ఇవ్వమంటోంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి సార్. దయచేసి ఇవ్వకండి. మీ ఫోను తెర మొత్తాన్ని చూసే యాప్ అది. అదే తెర మీద మీ బ్యాంకు, మీ యూపీఐ, వచ్చే ఓటీపీలు ఉంటాయి. కేబుల్‌కి పెట్టిన డబ్బులు పోతే పోయాయి, ఖాతా పోగొట్టుకోకూడదు. ఇప్పటికే అనుమతి ఇచ్చి ఉంటే యాప్ తీసేసి, సెట్టింగ్స్‌లో ఆ అనుమతి కూడా ఆఫ్ చేయండి. ఖాతాలో ఏదైనా తేడా కనపడితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న ఫోనుకి మంచి కేబుల్ పెడితే ఏ యాప్ అక్కర్లేదు, పెట్టగానే బొమ్మ వస్తుంది.

ప్రశ్న: బొమ్మ టీవీలో, సౌండ్ ఎక్కడా లేదు. (దర్శి)

జవాబు: చెవికి పెట్టుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ డబ్బాలో సరిగ్గా పెట్టకుండా ఎక్కడో వదిలేసి ఉంటారు, సౌండ్ వాటిలోకి పోతుంది. ముందు బ్లూటూత్ ఆఫ్ చేయండి. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగ్‌లో ‘టీవీ స్పీకర్’ ఉందో లేదో చూడండి.

ప్రశ్న: కనిగిరిలో మా అమ్మమ్మ పాత డబ్బా టీవీ మార్చనంటోంది. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు తప్ప ఏమీ లేవు. ఫోను కలపొచ్చా?

జవాబు: మీ ఫోనులో డిస్‌ప్లేపోర్ట్ ఉంటే కలపొచ్చు. టైప్ సి టు హెచ్‌డీఎంఐ కేబుల్‌కీ, ఏవీ అనే ఆ మూడు రంగుల పిన్నులకీ మధ్య పెట్టే ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ కన్వర్టర్ అని అడగండి. దాని పక్కనే అచ్చం అలాగే ఉండే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అమ్ముతారు. అది ఇటునుంచి అటు, మీకు పనికిరాదు. డబ్బీ మీద ‘హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్’ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. దానికి చార్జర్ వైరుతో కరెంటు కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే బొమ్మ రాదు. డబ్బీ మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్ ఉంటే పాల్ వైపు ఉంచండి. పాటలు, భక్తి కార్యక్రమాలు చక్కగా చూడొచ్చు. చిన్న అక్షరాలు మాత్రం చదవలేరు, ఆ తెరకి అంత వివరం రాదు.

ప్రశ్న: ఇందుకూరుపేట. హెచ్‌డీఎంఐ పిన్ను పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. ఒకసారి గట్టిగానే కొట్టింది. పిల్లలు పెట్టుకుంటుంటారు, భయంగా ఉంది.

జవాబు: ఈ వారం ఉత్తరాల్లో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. పిల్లల్ని ఆ కేబుల్ ముట్టనివ్వకండి. రెండు పిన్నుల ప్లగ్గులున్న టీవీలకి, చార్జర్లకి ఎర్తింగు ఉండదు. వాటి రేకు మీద చాలా కొద్దిగా కరెంటు తగలడం, చేయి జివ్వుమనడం మామూలే. గట్టిగా కొట్టడం మామూలు కాదు. చార్జర్ పాడైనా కావొచ్చు, కేబుల్ టీవీ వైరు మీదుగా వచ్చినా కావొచ్చు, ఇంటి వైరింగులో తేడా ఉన్నా కావొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగు చూపించండి. ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే అది ఉన్నా లేనట్టే.

అప్పటిదాకా ఇలా చేయండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్ రెండింటి ప్లగ్గులు గోడ నుంచి పీకేయండి, రిమోట్‌తో ఆపితే చాలదు. ఫోనుకి చార్జర్ ఉంటే తీసేయండి. అప్పుడు కేబుల్ రెండు వైపులా పెట్టి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. ఉరుములు మొదలవక ముందే టీవీ ప్లగ్గుతో పాటు వెనక డిష్ వైరు లేదా కేబుల్ వైరు కూడా విప్పేయండి. పిడుగు పడ్డాక నా దగ్గరికి వచ్చే టీవీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ భాగమే కాలిపోయి ఉంటుంది, కారణం ఆ వైరే.

ఉత్తరం రాసేవాళ్లు ఫోను మోడల్ నంబరు, టీవీ వెనక చీటీ మీద ఉన్న నంబరు, కేబుల్ డబ్బా మీద రాసింది, కేబుల్ పొడుగు తప్పకుండా రాయండి. బొమ్మ అసలు రాలేదా, వచ్చి పోయిందా అన్నదీ రాయండి. ఆ వివరం లేకుండా వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబు ఇవ్వలేకపోయాను.